గ్లాసు మీద పేరు

మొన్న నందిగామ నుంచి ఒక పెళ్ళి కార్డు వచ్చింది. నాలుగు మూలలా పసుపు రాసి ఉంది. పెళ్ళికొడుకు పేరు చూస్తే ఎవరో తెలియలేదు. తండ్రి పేరు ముందు కీర్తిశేషులు అని ఉంది. దాని పక్కన తల్లి పేరు. ఆ పేరు అచ్చులో చూడడం నాకదే మొదటిసారి. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను.

"ఎవరండీ?" అంది మా ఆవిడ.

"మా జగ్గయ్యపేటలో పక్కింటివాళ్ళు. ఇప్పుడు నందిగామలో ఉంటున్నారు."

"మీకు చుట్టాలా?"

"కాదు" అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక కార్డు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయాను.

చెప్పవలసింది చాలా ఉంది. మా వీధివాళ్ళు ఇప్పటికీ ఏ శుభకార్యంలోనో కలిసినప్పుడు ఆ వేసవి మాట వస్తే "ఆ నర్సమ్మగారి అబ్బాయి చేసిన పని" అనే అంటారు. నేనూ అదే పంక్తిలో కూర్చుని, విస్తట్లో వడ్డించింది తింటూ ఊరుకుంటాను. ఆ పని ఆ అబ్బాయిది కాదు, నాది. పాతికేళ్ళు దాటిపోయాక చెప్పడంలో గొప్పేమీ లేదు. అయినా చెప్పాలి.

మా వీధి మిరపకాయల యార్డుకి దగ్గర. వేసవిలో గాలి అటునుంచి తిరిగిందంటే వీధి వీధంతా ఒకేసారి తుమ్మేది. ముక్త్యాల వైపు తిరిగే సిమెంటు లారీల దుమ్ము అరుగుల మీద పేరుకునేది. పొద్దున్న కడిగిన అరుగు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు. మేం మగపిల్లలం మా పేర్లు రాసుకునేవాళ్ళం.

ఆడవాళ్ళ పేర్లు మాత్రం ఆ వీధిలో ఎవరూ పలికేవారు కాదు. మాస్టారి భార్య, కొట్టాయన కోడలు, మూడో ఇంటావిడ. పిల్లలుంటే ఫలానావాడి తల్లి. మొగుళ్ళు "ఏమేవ్" అనో "నిన్నే" అనో పిలిచేవారు. పేర్లనేవి రేషను కార్డుల్లోనూ, ఓటర్ల జాబితాల్లోనూ ఉండేవి. ఇంకా ఎక్కువగా సామాను మీద ఉండేవి. ఆడపిల్ల పెళ్ళికి స్టీలు సామాను కొంటే, కొట్టువాడు చేతిలో పట్టే చిన్న మిషనుతో జుయ్యిమని ఒక్కో గిన్నె మీదా పేరు చెక్కి ఇచ్చేవాడు. పెళ్ళిళ్ళకీ వ్రతాలకీ గిన్నెలు ఇంటింటికీ తిరుగుతాయి కదా, ఎవరివి వాళ్ళు గుర్తుపట్టడానికి. అంతవరకే ఆ పేరుతో పని.

మా పక్కిల్లు హిందీ మాస్టారిది. ఆయనా, ఆయన తల్లీ, ఆయన రెండో భార్యా. మొదటి భార్య విషజ్వరంతో పోయి అప్పటికి ఆరేళ్ళు. రెండో ఆవిడని నేను పిన్ని అని పిలిచేవాణ్ణి. ఆవిడకి ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. లేనివాళ్ళ పిల్ల. ఒక ట్రంకు పెట్టెతో ఆ ఇంట్లో అడుగుపెట్టింది. ఆ ఇంట్లో గిన్నెలూ గ్లాసులూ పళ్ళేలూ బిందెలూ అన్నిటి మీదా మొదటి ఆవిడ పేరే. పిన్ని పొద్దున్నే లేచి ఇంకొకామె పేరున్న గిన్నెలో పాలు కాచి, ఇంకొకామె పేరున్న పళ్ళెంలో అన్నం తిని, సాయంత్రం ఆ పేరునే చింతపండుతో తళతళా తోమి బోర్లించేది.

ఆవిడ అసలు పేరు మా వీధిలో నాకొక్కడికే తెలుసు.

ఎలాగంటే, పిన్నికి ఆడవాళ్ళ పత్రికల్లో వంటల పోటీలకి రాసి పంపే సరదా ఉండేది. పోస్టు డబ్బాలో వేసి రావడం నా పని. కవరు మీద పంపినవారి పేరు గుండ్రటి అక్షరాలతో రాసేది. "ఎవరితోనూ అనకురోయ్. మా అత్తగారు వింటే, పత్రికలకెక్కుతోంది మహాతల్లి అని దులిపేస్తారు" అని నవ్వేది. పోస్టాఫీసుదాకా ఆ పేరు చదువుకుంటూ నడిచేవాణ్ణి. తిరిగొచ్చాక నాకొక గ్లాసు మజ్జిగ, పైన కరివేపాకూ అల్లమూ. నాకప్పుడు పదిహేడేళ్ళు. అదొక పెద్ద ఆస్తిలా ఉండేది నాకు. ఆ పేరు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకి కూడా.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మాస్టారింటి వెనక వాటాలోకి ఒక కుటుంబం దిగింది. తండ్రి సైన్సు టీచరు, తల్లి ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. ఒక్కడే కొడుకు, నా ఈడువాడు. క్రైస్తవులు. అంతకుముందు మా వీధిలో రెండిళ్ళ వాళ్ళు టులెట్ బోర్డు ఉండగానే ఇల్లు ఖాళీ లేదని వాళ్ళని పంపేశారు. మాస్టారి తల్లి, మేం మామ్మగారు అనే ఆవిడ, కూడా పంపేసేదే. కానీ ఆవిడకి షుగరు. రోజూ పొద్దున్నే ఇంజెక్షను పొడిచే మనిషి ఇంట్లోనే ఉంటుందంటే సరేనంది. సరేనని, వెనక కిటికీలో ఒక గాజు గ్లాసు విడిగా పెట్టింది. వాళ్ళకి మంచినీళ్ళిచ్చినా, మజ్జిగిచ్చినా అందులోనే ఇవ్వాలి.

ఆ అబ్బాయి దగ్గర చర్చిలో పాతబడిపోయిన గిటారు ఒకటి ఉండేది. ఆరు తీగలకి అయిదే. రెండు క్యాసెట్లు కూడా ఉండేవి. బెజవాడ రైల్వేలో గార్డు పని చేసే వాళ్ళ మేనమామకి, రిటైరై ఊరొదిలి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇచ్చిపోయాడట. క్యాసెట్టు అట్ట మీద నీలం సిరాతో వరసగా పదకొండు ఆడపేర్లు.

"ఎవర్రా వీళ్ళంతా? ఆయన కూతుళ్ళా?" అన్నాను.

వాడు పడీ పడీ నవ్వాడు. "పాటల్రా బాబూ. పాట పేరే అమ్మాయి పేరు. ఏరేరి ఇవే రికార్డు చేయించుకున్నాడంట. రాత్రీ పగలూ ఇంజను మీద పోతుంటే ఎవరో ఒకర్ని పిలుచుకుంటున్నట్టు ఉంటదన్నాడంట, మా మామయ్యతో."

మాకు ఆ ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. పేరు మాత్రం తెలిసేది. ఒకడు ఆ అమ్మాయిని వెళ్ళొద్దని బతిమాలతాడు. ఒకడు కోప్పడతాడు. ఒకడు ఏమీ అనకుండా పేరు నాలుగుసార్లు పిలిచి ఊరుకుంటాడు, వెనక గిటార్లు మాత్రం మోగుతుంటాయి. మా సినిమా పాటల్లో చెలీ, సఖీ, ప్రియా అని వినీ వినీ ఉన్న నాకు, ఇలా రేషను కార్డులో పేరు పెట్టి పిలిచినట్టు పాడడం వింతగా ఉండేది. కొంచెం సిగ్గుగా కూడా ఉండేది.

ఒకరోజు సాయంత్రం వాడు అరుగు మీద కూర్చుని వాయిస్తున్నాడు. వాళ్ళమ్మ డ్యూటీ దిగి, తెల్ల చీరతో, చేతిలో కూరగాయల సంచితో నడిచి వస్తోంది. పాటలో ఆ ఇంగ్లీషు పేరు రావలసిన చోట వాడు వాళ్ళమ్మ పేరు పెట్టి పాడాడు. ఆవిడ ఆగిపోయింది. "ఓరి నీ దుంప తెగ! వీధిలో ఏంట్రా?" అని సంచీతో కొట్టబోయింది గానీ, మొహం మాత్రం వెలిగిపోయింది. అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా చూశారు.

మర్నాడు మూడో ఇంటావిడ, "ఏం బాబూ, మీ అమ్మకేనా పాట?" అంది నవ్వుతూ.

అలా మొదలైంది. వాడికో పద్ధతి ఉండేది. ఎవరినీ మీ పేరేంటని అడగడు. అడిగితే మజా ఏముందంటాడు. వేరేచోట పేరు కనుక్కుని, ఆ మనిషి ఏ బియ్యమో చెరుగుతూ పరధ్యానంగా ఉన్నప్పుడు పాటలో ఆ పేరు పడెయ్యాలి. పేర్లు కనుక్కొచ్చే పని నాది. రేషను షాపు లైన్లో నిలబడి పక్కవాళ్ళ కార్డులు చదివేవాణ్ణి. చక్కెర అప్పడిగే వంకతో వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తిప్పి చూసేవాణ్ణి. కొట్టాయన కోడలి పేరు కోసం వాళ్ళ మూడేళ్ళ పిల్లాడికి రెండు పిప్పరమెంటు బిళ్ళలు కొనిపెట్టాను. వాడు "అమ్మ పేరు అమ్మ" అని బిళ్ళలు తిని వెళ్ళిపోయాడు.

పేరు నేను తెస్తే పాట వాడిదయ్యేది. వీధంతా వాడినే మెచ్చుకునేది. "ఎంత చక్కటి పిల్లాడమ్మా" అనేవారు. పక్కన నేను కూడా ఉండేవాణ్ణి.

మా నాయనమ్మ దగ్గర నాకు మొదటి దెబ్బ తగిలింది. ఆవిడ పేరు వాడికి నేనే చెప్పాను. ఆవిడ అరుగు మీద ఒత్తులు చేసుకుంటుంటే వాడు పాడాడు. పేరు వచ్చినచోట ఆవిడ చెయ్యి ఆగిపోయింది. తర్వాత, "మా నాన్న పిలిచేవాడు నాయనా అలాగ. పొలం నుంచి వస్తూ సందు మొగలోనే పిలిచేవాడు. అరవై ఏళ్ళయింది, ఆ కేక విని" అంది. లేచి లోపలికి వెళ్ళి, సున్నుండల డబ్బా తీసి, రెండు వాడి చేతిలో పెట్టింది.

అవి నా సున్నుండలు. పరీక్షలు పాసైతే ఇస్తానని దాచిపెట్టినవి.

"నాకేదే?" అన్నాను.

"నువ్వేం చేశావ్రా?" అంది మా నాయనమ్మ.

వాడొకటి నాకు ఇవ్వబోయాడు. వద్దన్నాను. ఆ రోజు నుంచి వాడు పాడుతుంటే పాట కంటే ముందు వినేవాళ్ళ మొహాలు చూడడం మొదలుపెట్టాను. ఎవరు ఎంత మురిసిపోతున్నారో మనసులో రాసుకునేవాణ్ణి. మా అమ్మ వాడికి పెసరట్టు మీద ఉల్లిపాయలు ఎక్కువ వేసిందని కూడా నాకు గుర్తుంది. ఎవరూ చూడకుండా వాడి గిటారు తీసి ఒక మధ్యాహ్నమంతా మీటాను. తలుపు గడి తీసిన చప్పుడు లాంటిదేదో వచ్చింది. రెండు క్యాసెట్లలో ఒకటి విని ఇస్తానని తీసుకుని తిరిగి ఇవ్వలేదు. అడిగితే దొరకడం లేదన్నాను.

సెలవులొచ్చాయి. ఒకరోజు పిన్ని గోడ మీదుగా నన్ను పిలిచింది. చేతిలో మజ్జిగ గ్లాసు.

"ఏరా, మీవాడు నా వంతు ఎప్పుడు తీస్తాడు?"

"ఏమో పిన్నీ."

"నా పేరు వాడికి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ చెప్పొద్దన్నావుగా."

పిన్ని కాసేపు గోడ మీద సున్నం గోటితో గీకింది. "చెప్పు. ఫర్లేదులే. అందరూ విననీ. మా అత్తగారు కూడా విననీ. ఈ ఇంటికొచ్చి అయిదేళ్ళయింది, ఒక్కసారి వింటే ఏమవుతుంది?" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు.

ఆ మజ్జిగ నేను తాగలేకపోయాను. పోస్టాఫీసుదాకా ఒంటరిగా చదువుకుంటూ నడిచిన పేరు. ఇప్పుడది వాడి నోట్లో పడుతుంది. వీధంతా వింటుంది. పిన్ని మురిసిపోతుంది, నా వైపు చూడదు కూడా. ఇంతే నా ఆలోచన. ఇంతకన్నా గొప్ప కారణమేదైనా ఉంటే బాగుండునని చాలా ఏళ్ళు వెతికాను. లేదు.

ఆ సాయంత్రం వాడే అడిగాడు. "ఒరేయ్, ఎల్లుండి మామ్మగారింట్లో ఆవకాయ పెడుతున్నారంట. వీధిలో ఆడోళ్ళంతా వస్తారు. ఆంటీకి అప్పుడు పాడదాం. ఆవిడ పేరేంటిరా? గ్లాసు మీదున్నదేనా?"

వాడికి గ్లాసు మీద పేరు ఎలా తెలుసంటే, మామ్మగారు నిద్రపోయేటప్పుడు పిన్ని వాడికి గాజు గ్లాసులో కాకుండా ఇంట్లో స్టీలు గ్లాసులోనే మజ్జిగ ఇచ్చేది. మొదటి భార్య సంగతి వాడికి తెలియదు. వచ్చి ఏడాది కాలేదు, వాళ్ళకి చెప్పేంత చనువు ఎవరికుంది? మాకు పుట్టి పెరిగిన వీధి కాబట్టి తెలుసు.

"ఆఁ" అన్నాను. "అదే."

తెలియక అన్నానని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. నోరు జారిందని చెప్పుకున్నాను. రెండూ అబద్ధం. అది పోయినావిడ పేరని తెలిసే అన్నాను. మహా అయితే పాట బెడిసికొడుతుంది, వాడు నవ్వులపాలవుతాడు అనుకున్నాను. మధ్యలో రెండు రోజులున్నాయి. ఒక్కసారి వెళ్ళి "అది కాదురా" అంటే సరిపోయేది.

ఆవకాయ రోజు మాస్టారింటి పెరడంతా పండగలా ఉంది. మైలవరం నుంచి బస్తాలతో కాయలు దిగాయి. కత్తిపీటల టకటకలు, జీడి వాసన, ఆవపిండి ఘాటు. మామ్మగారు నులకమంచం మీద కూర్చుని అందరినీ అదిలిస్తోంది. "టెంక లేని ముక్క వెయ్యకండర్రా, ముద్దయిపోతుంది. తడి చెయ్యి జాడీ దగ్గరికి రానివ్వకండి." పిన్ని కొంగు బొడ్లో దోపుకుని, పెద్ద బేసిన్లో మోచేతులదాకా కారంతో ముక్కలు కలుపుతోంది. నాకు మెంతులు ఏరే పని చెప్పారు. కలపడం అయ్యాక ఆ బేసిన్లోనే వేడన్నం వేసి, నూనె పోసి, తలో ముద్దా పెడతారు. దానికోసమే సగంమంది పిల్లలు అక్కడ చేరారు.

"ఆ అబ్బాయిని పిలవండమ్మా, చేతులతోపాటు చెవులకీ పనుంటుంది" అంది మూడో ఇంటావిడ.

"రమ్మనండి, గడప అవతలే కూచోమనండి" అంది మామ్మగారు. ఆవిడకి కూడా వాడి పాట ఇష్టమే.

వాడు వెనక వాటా మెట్టు మీద కూర్చున్నాడు. నావైపు చూసి కన్ను కొట్టాడు. పదకొండింటిలోకీ నాకు బాగా ఇష్టమైన పాట ఎత్తుకున్నాడు, మెల్లగా సాగేది. పిన్ని తల ఎత్తలేదు. కానీ కలిపే చెయ్యి నెమ్మదించింది. చెవి దగ్గర జుట్టు భుజంతో వెనక్కి తోసుకుంది. ఎదురు చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

పేరు వచ్చింది. ఒకసారి. మళ్ళీ రెండోసారి, ఇంకా పైస్థాయిలో.

కత్తిపీటలు ఆగిపోయాయి. మామ్మగారు మంచం మీంచి లేచి నిలబడి, పోయిన కోడలి పేరు తనూ ఒకసారి అని, రొమ్ము మీద కొట్టుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. పిన్ని బేసిన్లోకి చూస్తూ ఉండిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి లేదు, రెండు చేతులూ కారం. మోచెయ్యి పైకెత్తి జాకెట్టు చేతికి మొహం రాసుకుంది. అక్కడా కారమే.

మాస్టారు వరండాలోంచి వచ్చారు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. "ఎవర్రా నీకా పేరు చెప్పింది?" అన్నారు.

వాడు నా వైపు చూశాడు. నేను మెంతులు ఏరుతున్నాను. ఒక్కో గింజా తీసి పక్కన పెడుతున్నాను.

"గ్లాసు మీద చూశానండీ" అన్నాడు వాడు.

నన్ను కాపాడడానికే అన్నాడు. ఆ మాటతో ఇంకో గొయ్యి తవ్వుతున్నానని వాడికి తెలియదు.

మామ్మగారి ఏడుపు ఠక్కున ఆగింది. "ఏ గ్లాసు? మన గ్లాసు వీడి చేతికెలా వచ్చింది?" పిన్ని వైపు తిరిగింది. "నా కోడలి గ్లాసులో వీడికి పోశావుటే? గాజు గ్లాసు ఎందుకు పెట్టినట్టే కిటికీలో? దాని సామాను అందరి మూతులకీ తగలనిచ్చి, దాని పేరు వీధి పాట చేయించి, నీ కడుపు చల్లబడిందా?"

నర్సమ్మగారు పరుగెత్తుకొచ్చి, "పిల్లాడు తెలియక..." అనబోయింది. "ఇల్లిస్తే నెత్తికెక్కారు. వారంలో ఖాళీ చెయ్యండి" అంది మామ్మగారు. వీధి ఆడవాళ్ళలో ఒక్కరూ నోరెత్తలేదు. వాడు పేరు పెట్టి పాడినవాళ్ళే అందరూ. మా నాయనమ్మ కూడా అక్కడే ఉంది. ఆ రోజు ఎవరికీ ఆవకాయ ముద్ద పెట్టలేదు.

సాయంత్రం గోడ అవతల పిన్ని బేసిన్ తోముతోంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నువ్వు వాడికి చెప్పలేదురా?" అంది.

"చెప్పా పిన్నీ" అన్నాను. "నీ పేరే చెప్పా. వాడే పట్టించుకోలేదు."

ఇదే అన్నిటికన్నా పెద్దది. మొదటి అబద్ధం ఈర్ష్యతో ఆడాను. ఇది మాత్రం బాగా నిదానంగా, ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఆడాను. "అంతేలే. నా పేరు ఎవరిక్కావాలి" అని ఆవిడ బేసిన్ బోర్లించింది.

వారం తిరక్కుండానే వాళ్ళు నందిగామకి మారిపోయారు. రోడ్డు మీద ఆగిన లారీదాకా ట్రాలీ రిక్షాలో సామాను మీద గిటారు అడ్డంగా పెట్టి, వాడు వెనక నడిచాడు. నేను మా కిటికీ సందులోంచి చూశాను. వాడు మా ఇంటి వైపు చూడలేదు. ఆ తర్వాత మామ్మగారు రోజూ పొద్దున్నే ఇంజెక్షను కోసం రిక్షా కట్టించుకుని ఆసుపత్రికి వెళ్ళేది. అక్కడ పొడిచేది నందిగామ నుంచి రోజూ బస్సులో డ్యూటీకొచ్చే ఆ నర్సమ్మగారేనని, ఆవిడ చెయ్యి తేలికని అంటుండేది.

నెల తర్వాత పోస్ట్‌మ్యాన్ ఒక పత్రిక పట్టుకొచ్చి, "ఈ పేరు గలావిడ ఎవరండీ ఇక్కడ?" అని వీధంతా అడిగాడు. "అలాంటివాళ్ళెవరూ లేరు నాయనా ఈ వీధిలో" అంది మా నాయనమ్మ. నేను లేచి తీసుకుని పిన్నికిచ్చాను. ఆవిడ పైన రాసిన పేరు చూసి, చుట్టిన కాగితం చింపకుండానే ట్రంకు పెట్టె కిందకి తోసేసింది. "ఇంక రాయన్లేరా. నీకు శ్రమ" అంది. మజ్జిగ ఇచ్చింది. గాజు గ్లాసు అప్పటికి కిటికీలో లేదు. ఏమైందో ఎవరూ అడగలేదు.

పాట పోయింది. పిన్నికి పోస్టు డబ్బాతో పని లేకుండా పోయింది. నేనెవరి మీద అసూయపడ్డానో వాడూ పోయాడు. అయినా ఆ ఈర్ష్య పోలేదు. ఎక్కడ గిటారు వినిపించినా వాడేమోనని చూసేవాణ్ణి. ఆ రోజు మెట్టు మీద కూర్చుని నన్ను పట్టివ్వకుండా కాచాడే, అదీ నాకు కంటగింపుగానే ఉండేది. ఆ గొప్ప కూడా వాడికే దక్కింది.

కార్డు వచ్చిన రాత్రి మా ఇంటర్ కాలేజీవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వాడి నంబరు పట్టుకుని, పొద్దున్నే ఫోన్ చేశాను. మైలవరం దగ్గర ఒక స్కూల్లో హెడ్మాస్టరు ఇప్పుడు. చెప్పుకుంటూ పోయాను. వాడు మధ్యలోనే ఆపాడు.

"అది నాకెందుకు చెప్తున్నావ్‌రా? నాకా పూటే తెలుసు. తెలియనోళ్ళకి చెప్పు."

పెట్టేశాడు.

పెళ్ళి అయిన రెండో రోజున నందిగామ వెళ్ళాను. చుట్టాలు చాలావరకు వెళ్ళిపోయారు. వరండాలో ఎండిన మామిడి తోరణాలు, కుప్పగా ప్లాస్టిక్ కుర్చీలు. పిన్ని జుట్టు నెరిసింది. "ఎంత లావయ్యావురా!" అని కాఫీ తెచ్చి ఇచ్చింది. అలవాటుగా గ్లాసు అంచు చూశాను. అరిగిపోయింది గానీ చదవడానికి వస్తోంది. మొదటి ఆవిడ పేరే.

"ఇంకా ఇవేనా పిన్నీ?"

"గట్టి స్టీలు. పారేస్తామా?" అంది.

గ్లాసు చేతిలో పట్టుకునే అంతా చెప్పాను. నేను ఆపాక, పిన్ని చీర కుచ్చిళ్ళ మీద పడిన అక్షింతలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"అప్పుడు నీకెన్నేళ్ళు?"

"పదిహేడు."

"పదిహేడుకి సరే. పద్ధెనిమిదికి ఎందుకు చెప్పలేదు? నీ పెళ్ళికి వచ్చాను, బట్టలు పెట్టావు, కాళ్ళకి దణ్ణం పెట్టావు. అప్పుడు?"

గ్లాసు మీద పేరుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాను.

"నాలుగేళ్ళ కిందట మైలవరం బస్సులో ఆ అబ్బాయి కనిపించాడ్రా. లేచి సీటిచ్చి, బాగున్నారా ఆంటీ అని నమస్కారం పెట్టాడు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. దిగేదాకా ఇటు తిప్పలేదు. అంతసేపూ నిలబడే ఉన్నాడు." నా చేతిలో గ్లాసు తీసి కింద పెట్టింది. "నా చేత ఆ పని చేయించావ్."

కాఫీ చల్లారిపోయింది. లోపల కొత్త కోడలు ఎవరితోనో ఫోన్లో నవ్వుతోంది. పిన్ని కొడుకు ఆ అమ్మాయిని పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు, తువాలు ఎక్కడుందని. పిన్ని అటు చూసి మళ్ళీ నా వైపు తిరిగింది.

"వాడి నంబరుందా? చెయ్యి."

చేశాను. స్పీకరు పెట్టమంది. వాడు ఎత్తాడు.

"నందిగామలో ఉన్నాన్రా" అన్నాను. "పిన్ని దగ్గర. చెప్పేశాను."

ఎక్కడో పిల్లలు ఎక్కం చదువుతున్న చప్పుడు వినిపించింది.

"ఆవిడ ఆ పాట వింటానంటోంది" అన్నాను. ఆవిడ అనలేదు. కానీ కాదనలేదు కూడా.

"స్కూల్లో ఉన్నాన్రా ఇప్పుడు. గిటారు ఇంటి దగ్గరుంది" అన్నాడు. ఏదో తలుపు వేసిన చప్పుడు. పిల్లల గొంతులు తగ్గాయి. "సర్లే, ఉత్త గొంతుతో పాడతా" అని గొంతు సవరించుకున్నాడు. అంతలో ఆగి అడిగాడు.

"ఇంతకీ ఆవిడ పేరేంటిరా?"

నేను నోరు తెరిచాను. పిన్ని చెయ్యి చాపి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"నువ్వాగు" అంది. "నా పేరు నేనే చెప్పుకుంటాను."